మెటబాలిక్ ప్రొఫైలింగ్‌లో కెరీర్: మెషీన్ పేరు కాదు, మీ డేటా నిలబడాలి

శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద తుర్కపల్లి, కొల్తూరు వైపు వెళ్లే కంపెనీ బస్సుల్లో బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, ఎం.ఫార్మసీ చదివినవాళ్లు రోజూ కనిపిస్తారు. జవహర్‌నగర్‌లోని బిట్స్ పిలానీ క్యాంపస్‌లో, తార్నాక, హబ్సిగూడల్లోని ఐఐసీటీ, సీసీఎంబీల్లో పీహెచ్‌డీ చేస్తున్న చాలామంది చూపు కూడా ఈ జీనోమ్ వ్యాలీ కంపెనీల మీదే. వీళ్లందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: మెటబాలిక్ ప్రొఫైలింగ్, మాలిక్యులర్ బయాలజీ రెండూ నేర్చుకుంటే ఉద్యోగం దొరుకుతుందా, దొరికాక ఎదుగుదల ఉంటుందా?

ఉంటుంది. అయితే అది రెజ్యూమేలో రాసుకున్న మెషీన్ల పేర్లను బట్టి రాదు. మీరిచ్చిన అంకెను ఇంకొకరు, ఇంకో రోజు, ఇంకో ల్యాబ్‌లో మళ్లీ తీయగలరా అన్నదాన్ని బట్టి వస్తుంది. ఈ రంగంలో తెలివి చాలక దెబ్బతిన్నవాళ్లు తక్కువ. సాంపిల్ జాగ్రత్తగా తీయక, రికార్డు రాయక, ఆథర్‌షిప్ ముందే మాట్లాడుకోక, ఒప్పందం చదవకుండా సంతకం పెట్టి దెబ్బతిన్నవాళ్లే ఎక్కువ. కాబట్టి ఎక్కడ తేడా వస్తుందో, దాన్ని ఎలా తప్పించుకోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకే పేరు, మూడు ఉద్యోగాలు

మెటబాలిక్ ప్రొఫైలింగ్ అంటే రక్తంలోనో, ఆకులోనో, కణాల్లోనో ఉండే చిన్న అణువులను, అంటే చక్కెరలు, అమైనో ఆమ్లాలు, కొవ్వులు, ఆర్గానిక్ ఆమ్లాలను ఒకేసారి వీలైనన్ని కొలవడం. ఏ జీన్ పనిచేస్తోందో మాలిక్యులర్ బయాలజీ చెబుతుంది. దాని ఫలితంగా కణంలో చివరికి ఏం తయారైందో ఈ ప్రొఫైల్ చెబుతుంది. ఇంతవరకు పుస్తకాల్లో ఉన్నదే. ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి ఇదే పేరుతో మూడు వేర్వేరు పనులుంటాయి.

మొదటిది పరిశోధన సంస్థల్లో జరిగే మెటబొలోమిక్స్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో టమాటా మీద ఏళ్ల తరబడి సాగుతున్న పని దీనికి మంచి ఉదాహరణ. అక్కడ జన్యుమార్పులున్న మొక్కల పండ్లలో మెటబొలైట్లు ఎలా మారుతున్నాయో చూస్తారు. రెండోది మందుల పరిశోధనలో డీఎంపీకే, అంటే మందు శరీరంలో ఏమవుతుందో చూసే విభాగం. జీనోమ్ వ్యాలీలోని కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలు మెటబొలైట్ ఐడెంటిఫికేషన్ అని ప్రకటన ఇస్తే అది ఎక్కువగా ఈ పనే. కాలేయం ఒక మందును ఏయే పదార్థాలుగా మారుస్తుందో మైక్రోసోమ్స్‌తో, హెపటోసైట్లతో తేల్చాలి. మూడోది వ్యాక్సిన్, బయోలాజిక్స్ కంపెనీల్లో బయోప్రాసెస్. అక్కడ ఫెర్మెంటర్‌లో గ్లూకోజ్, లాక్టేట్, అమ్మోనియా, అమైనో ఆమ్లాలు గంట గంటకు ఎలా మారుతున్నాయో చూసి ఫీడ్ నిర్ణయిస్తారు.

మొక్కల మెటబొలోమిక్స్‌లో పీహెచ్‌డీ చేసిన అభ్యర్థి డీఎంపీకే ఇంటర్వ్యూకి వెళ్లారనుకుందాం. "వందల మెటబొలైట్లు ప్రొఫైల్ చేశాను" అని మొదలుపెడితే ఎదుటివాళ్లకు అందులో పనికొచ్చేది ఏమీ దొరకదు. "తెలియని పీక్‌కు ఎంఎస్/ఎంఎస్ ఫ్రాగ్మెంట్లను బట్టి నిర్మాణం ప్రతిపాదించాను, స్టాండర్డ్ తెప్పించి రిటెన్షన్ టైమ్‌తో సరిచూశాను, సాంపిల్ మ్యాట్రిక్స్ వల్ల సిగ్నల్ ఎంత తగ్గుతోందో లెక్కగట్టాను" అంటే ఆ మూడు ముక్కలూ వాళ్లకు రేపటి నుంచే కావలసిన పని. చేసింది అదే పని, చెప్పే తీరే వేరు. ఇంటర్వ్యూకి ముందు సీవైపీ ఎంజైముల గురించి, ఫేజ్-1, ఫేజ్-2 చర్యల గురించి చదువుకోండి. ఐసీహెచ్ మార్గదర్శకం ప్రకారం, మనిషి శరీరంలో ఒక మెటబొలైట్ వాటా మందుకు సంబంధించిన మొత్తంలో 10 శాతం దాటి, జంతువుల పరీక్షల్లో కనిపించిన దానికన్నా గణనీయంగా ఎక్కువగా ఉంటే, దాని భద్రతను విడిగా పరీక్షించాలి. అంటే మీరు తప్పుగా గుర్తించిన ఒక్క పీక్ మొత్తం ప్రాజెక్టును తప్పుదారి పట్టించగలదు. ఆ బరువు మీకు తెలుసని ఇంటర్వ్యూలో కనపడాలి.

గైడ్‌ను, ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు

పీహెచ్‌డీలో చేరేముందు టాపిక్ గురించి అందరూ అడుగుతారు. ల్యాబ్ ఎలా నడుస్తోందో అడిగేవాళ్లు తక్కువ. మీరు ఆ ల్యాబ్ సీనియర్ స్కాలర్లను విడిగా కలిసి ఇవి అడగండి. మాస్ స్పెక్ట్రోమీటర్ ల్యాబ్‌దా, సెంట్రల్ ఫెసిలిటీదా? బుక్ చేస్తే స్లాట్ ఎన్ని వారాలకు దొరుకుతోంది? సర్వీస్ కాంట్రాక్ట్ ఇప్పుడు నడుస్తోందా, గడువు అయిపోయిందా? స్టాండర్డ్స్, ఎల్‌సీ-ఎంఎస్ గ్రేడ్ సాల్వెంట్లు కొనడానికి గ్రాంట్‌లో డబ్బుందా? ఇంతకుముందు థీసిస్ ఇచ్చినవాళ్లకు ఎన్నేళ్లు పట్టింది, ఫస్ట్ ఆథర్ పేపర్ దక్కిందా?

సర్వీస్ కాంట్రాక్ట్ చిన్న విషయంగా కనపడుతుంది. అది లేని ల్యాబ్‌లో ఒక బోర్డు కాలిపోతే కొటేషన్, పర్చేజ్ కమిటీ, మంజూరు అంటూ నెలలు దొర్లిపోతాయి. ఫెలోషిప్ గడియారం మాత్రం మీ కోసం ఆగదు. జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ కలిపి సాధారణంగా 5 ఏళ్లే. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 రూపాయలు, దానికి హెచ్‌ఆర్‌ఏ అదనం. కాగితం మీద ఉన్న ఈ డబ్బు ఒక్కోసారి నెలల ఆలస్యంగా అకౌంట్‌లో పడుతుంది. జేఆర్‌ఎఫ్ నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు మారే సమయంలో కమిటీ సమావేశం, రిపోర్టు, సంతకాలు ఒక్కటి ఆలస్యమైనా బకాయి పేరుకుంటుంది. ఇంటికి డబ్బు పంపాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు మూడు, నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్నాకే మిగతా లెక్కలు వేసుకోండి. రెన్యువల్ కాగితాలు గడువుకు రెండు నెలల ముందే కదిలించండి.

సాంపిల్ దగ్గరే సగం పని

ఈ రంగంలో జరిగే పెద్ద తప్పులు మెషీన్ దగ్గరికి రాకముందే జరిగిపోతాయి. ఒక కేసు చూద్దాం. షుగర్ ఉన్నవాళ్ల రక్తాన్ని, లేనివాళ్ల రక్తాన్ని పోల్చే స్టడీ. షుగర్ ఉన్నవాళ్ల సాంపిళ్లు మేడ్చల్ వైపు ఒక ఆసుపత్రిలో పొద్దున 8కి తీశారు. అవి ల్యాబ్‌కు చేరి సెంట్రిఫ్యూజ్‌లోకి వెళ్లేసరికి 11 అయింది. షుగర్ లేనివాళ్లు క్యాంపస్ విద్యార్థులు, ఉద్యోగులు. వాళ్ల రక్తం తీసిన పావుగంటలో ప్లాస్మా వేరుచేసి ఫ్రీజర్‌లో పెట్టారు. డేటాలో రెండు గుంపులూ చక్కగా విడిపోయాయి. స్కాలర్‌కు సంతోషం, గైడ్‌కు సంతోషం. ఆ తేడా జబ్బుదా, ప్రయాణానిదా? తీసిన రక్తంలోనూ కణాలు బతికే ఉంటాయి. సాధారణ ఉష్ణోగ్రత దగ్గర అవి గంటకు 5 నుంచి 7 శాతం వరకు గ్లూకోజ్‌ను ఖర్చు చేస్తాయి, లాక్టేట్ పెరుగుతూ పోతుంది. రివ్యూయర్ ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఆ స్టడీకి జవాబు ఉండదు. పైగా ఆ సాంపిళ్లను వెనక్కి వెళ్లి మళ్లీ తీయలేం.

అందుకే సాంపిల్ తీయకముందే ఒక పేజీ ఎస్‌ఓపీ రాయండి. ఉపవాసం ఎన్ని గంటలు, ఈడీటీఏ ట్యూబా హెపారిన్ ట్యూబా, ఐస్‌లో పెట్టాలా, తీసిన ఎన్ని నిమిషాల్లో సెంట్రిఫ్యూజ్ చేయాలి, ఎర్రబడిన ప్లాస్మాను ఏం చేయాలి, అన్నీ అందులో ఉండాలి. రెండు గుంపులకూ ఒకే నియమం, ఒకే రకం ట్యూబ్, ఒకే ప్రయాణ సమయం. ప్లాస్మాను చిన్న చిన్న వయల్స్‌లో పంచి మైనస్ 80 డిగ్రీల దగ్గర పెట్టండి. ఒకే వయల్‌ను పదేపదే కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే అందులోని అణువులు మారిపోతాయి. మామూలు స్టిక్కర్ ఆ చలికి ఊడిపోతుంది, బాల్‌పెన్ రాత ఆల్కహాల్ తగలగానే చెరిగిపోతుంది. క్రయో లేబుళ్లకు పెట్టే ఖర్చుకు వెనకాడకండి. పేరులేని వయల్ ఎంత విలువైన రోగిదైనా చెత్తబుట్టకే. మనుషుల సాంపిళ్లయితే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి వచ్చాకే మొదటి సూది. తేదీ ముందు వెనకలైతే పేపర్‌కు మొదటికే మోసం వస్తుంది.

మెషీన్ మీద రన్ ఎలా పెట్టాలి

ఎల్‌సీ-ఎంఎస్ మీద రన్ మొదలైన దగ్గర నుంచి చివరి దాకా సెన్సిటివిటీ ఒకేలా ఉండదు. కాలమ్ అరుగుతుంది, అయాన్ సోర్స్ మురికి పడుతుంది, గది వేడెక్కుతుంది. సోమవారం కంట్రోల్ సాంపిళ్లు, మంగళవారం పేషెంట్ల సాంపిళ్లు ఎక్కిస్తే మీరు కొలిచేది సోమవారానికీ మంగళవారానికీ ఉన్న తేడానే.

క్రమం ఇలా ఉండాలి. ముందు బ్లాంక్. తర్వాత అన్ని సాంపిళ్లలో నుంచి కొంచెం కొంచెం తీసి కలిపిన పూల్డ్ క్యూసీని సిస్టమ్ నిలకడపడేదాకా కొన్నిసార్లు ఇంజెక్ట్ చేయాలి. ఆపైన సాంపిళ్లను ర్యాండమ్ క్రమంలో పెట్టి, ప్రతి ఐదు నుంచి పది సాంపిళ్లకు ఒక పూల్డ్ క్యూసీ వేయాలి. చివర్లో మళ్లీ క్యూసీ, బ్లాంక్. ప్రతి సాంపిల్‌లో ఐసోటోప్ లేబుల్ ఉన్న ఇంటర్నల్ స్టాండర్డ్స్ ఉండాలి. రన్ అయ్యాక ముందుగా చూడాల్సింది క్యూసీలే. అన్ని క్యూసీల్లో ఒక పీక్ 20 నుంచి 30 శాతానికి మించి ఊగిసలాడితే, దాని మీద కథ అల్లకుండా పక్కన పెట్టండి.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. యూపీఎస్ బ్యాటరీలు పాతబడిన ల్యాబ్‌లో ఎండాకాలం సాయంత్రం ఒక్క ట్రిప్ చాలు. వాక్యూమ్ పోతుంది, తిరిగి అందుకోవడానికి గంటలు పడుతుంది, రన్ మధ్యలో తెగిపోతుంది. బ్యాచ్ ఎక్కించే ముందు బ్యాటరీ బ్యాకప్, నైట్రోజన్ సరఫరా, సాల్వెంట్ మట్టం చూసుకోవడం అలవాటు చేసుకోండి. మధ్యలో తెగిన రన్‌ను అతికించి చూపొద్దు. ఏం జరిగిందో రికార్డులో రాసి, బ్యాచ్‌ను మళ్లీ ప్లాన్ చేయండి.

గుర్తించాను అనే ముందు

బరువు సరిపోయింది కదా అని పేరు పెట్టేయడం ఈ రంగంలో పాత జబ్బు. లూసిన్, ఐసోలూసిన్‌ల బరువు ఒకటే. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, గెలాక్టోజ్‌లకు ఫార్ములా కూడా ఒకటే. 2007లో మెటబొలోమిక్స్ స్టాండర్డ్స్ ఇనిషియేటివ్ గుర్తింపును నాలుగు లెవెల్స్‌గా విడగొట్టింది. అసలైన స్టాండర్డ్‌ను మీ ల్యాబ్‌లో, మీ పద్ధతిలోనే నడిపి కనీసం రెండు స్వతంత్ర గుణాలు, ఉదాహరణకు రిటెన్షన్ టైమ్, ఎంఎస్/ఎంఎస్ సరిపోతేనే లెవెల్ 1. లైబ్రరీతో మాత్రమే సరిపోతే లెవెల్ 2. ఫలానా తరగతి పదార్థం అని మాత్రమే చెప్పగలిగితే లెవెల్ 3. ఏమీ తెలియకపోతే 4. థీసిస్‌లో, పేపర్‌లో, రెజ్యూమేలో ఏది ఏ లెవెల్ అన్నది విడిగా రాయండి. "ముప్ఫై మెటబొలైట్లు లెవెల్ 1లో గుర్తించాను" అన్న అభ్యర్థికి "ఎనిమిది వందలు గుర్తించాను" అన్న అభ్యర్థి కన్నా విలువ ఎక్కువ. తెలిసినవాళ్లు ఆ తేడాను మొదటి నిమిషంలోనే పట్టుకుంటారు.

లెక్కల విషయమూ అంతే. వెయ్యి పీక్‌లను 0.05 పీ-వాల్యూతో పరీక్షిస్తే, అసలు తేడానే లేకపోయినా 50 పీక్‌ల దాకా తేడా ఉన్నట్టు కనిపిస్తాయి. ఫాల్స్ డిస్కవరీ రేట్ సవరణ చేయకుండా జాబితా బయట పెట్టకండి. పీఎల్‌ఎస్-డీఏ అనే పద్ధతి చిన్న స్టడీలో ఏ రెండు గుంపులనైనా అందంగా విడగొట్టి చూపగలదు. పర్మ్యుటేషన్ టెస్ట్ చేసి, వీలైతే వేరే గుంపు సాంపిళ్లలో సరిచూసుకున్నాకే నమ్మండి. ఎక్స్‌సీఎంఎస్, మెటబోఅనలిస్ట్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. బటన్లు నొక్కడంతో ఆగిపోకుండా ఆర్ లేదా పైథాన్‌లో మీ సొంత స్క్రిప్ట్ రాసుకునే స్థాయికి రండి. డేటాను మూడేళ్ల తర్వాత మళ్లీ నడపాల్సి వస్తే ఆ స్క్రిప్టే మీకు దిక్కు.

మాలిక్యులర్ బయాలజీ ఎందుకు వదలకూడదు

ప్రొఫైల్ ఆనవాలు మాత్రమే ఇస్తుంది. ఒక మెటబొలైట్ పెరిగిందంటే తయారీ పెరిగి ఉండొచ్చు, ఖర్చు తగ్గి ఉండొచ్చు. ఏది నిజమో తేల్చాలంటే ఆ ఎంజైమ్‌ను కొలవాలి, జీన్‌ను తగ్గించి చూడాలి, కార్బన్-13 లేబుల్‌తో దారి గుర్తించాలి. రెండు పనులూ చేతిలో ఉన్నవాళ్లకు గిరాకీ ఉండేది ఇందుకే.

ఇక్కడ రెండు గుంతలున్నాయి. ఒకటి, క్యూపీసీఆర్‌లో అలవాటుగా జీఏపీడీహెచ్‌ను రిఫరెన్స్ జీన్‌గా పెట్టేయడం. అది స్వయంగా గ్లైకాలిసిస్ ఎంజైమ్. గ్లూకోజ్ వాడకం మారే స్టడీలో కొలబద్దే మారిపోతే కొలతకు అర్థం ఏముంటుంది? క్యూపీసీఆర్‌కు 2009లో వచ్చిన ఎంఐక్యూఈ (MIQE) మార్గదర్శకాలు చదివి, మీ పరిస్థితుల్లో నిలకడగా ఉన్న రెండు, మూడు రిఫరెన్స్ జీన్లను ముందే పరీక్షించి పెట్టుకోండి. ప్రైమర్ ఎఫిషియెన్సీ 90 నుంచి 110 శాతం మధ్య ఉందో లేదో రాయండి. రెండు, సెల్ కల్చర్‌లో మైకోప్లాస్మా. అది కంటికి కనపడదు, మీడియా మసకబారదు. కానీ ఆర్జినిన్ తినేస్తుంది, మొత్తం ప్రొఫైల్‌ను మార్చేస్తుంది. క్రమం తప్పకుండా పీసీఆర్ టెస్ట్ చేయించని ల్యాబ్‌లో వచ్చిన మెటబాలిక్ డేటా ఎంత బాగున్నా దాని మీద థీసిస్ కట్టకండి.

సుబ్బారావు గారి జీవితం చెప్పే పాఠం

ఈ రంగంలో మనవాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. ఆ పద్ధతితోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత 1929లో ఏటీపీని గుర్తించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు. క్రమం గమనించండి. ముందు ఎవరైనా తిరిగి చేయగలిగే పద్ధతి, ఆ తర్వాతే ఆవిష్కరణ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచవ్యాప్తంగా ల్యాబుల్లో నిలబడింది.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన పనిలో కొంత భాగం సకాలంలో వెలుగులోకి రాకపోవడానికి ఫిస్క్ అడ్డుపడటమే కారణమని, అందుకే కొన్ని విషయాలను తర్వాతివాళ్లు మళ్లీ కనుగొనాల్సి వచ్చిందని సహచరుడు జార్జ్ హిచింగ్స్ తర్వాతి రోజుల్లో చెప్పారు. 1940లో సుబ్బారావు గారు లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది, క్యాన్సర్ వైద్యంలో వాడిన తొలి యాంటీఫోలేట్లు కూడా అక్కడి నుంచే వచ్చాయి. 1948లో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

ఉద్యోగి కోణంలో ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, చేసిన పని మీ పేరుతో బయటికి రావాలంటే ఆ ఏర్పాటు ముందే చేసుకోవాలి. ప్రాజెక్ట్ మొదలైన నెలలోనే ఎవరు ఏం చేస్తారు, ఆథర్ల క్రమం ఏమిటి అన్నది గైడ్‌తో మాట్లాడి, ఆ మాటలను మర్యాదగా ఒక ఈమెయిల్‌లో పంపండి. "సార్, ఇవాళ మీరు చెప్పినట్టు మొదటి పేపర్ ప్లాన్ ఇలా రాసుకున్నాను" అన్న నాలుగు లైన్లు చాలు. అది గొడవ కాదు, రికార్డు. నోట్‌బుక్‌లో తేదీ, సంతకం ఉండాలి. రా ఫైళ్లకు ల్యాబ్ అనుమతితో బ్యాకప్ ఉండాలి. రెండోది, యూనివర్సిటీ నుంచి కంపెనీకి రావడం దిగిపోవడం కాదు. ఆయన పనిలో మనుషుల ప్రాణాలకు ఎక్కువ అక్కరకొచ్చిన భాగం కంపెనీలోనే జరిగింది.

కంపెనీలో చేరాక

మేడ్చల్‌లోని శాంతా బయోటెక్నిక్స్ చరిత్ర మనకు దగ్గరి పాఠం. 1993లో మొదలై, 1997లో పికియా ఈస్ట్‌లో తయారైన హెపటైటిస్-బి వ్యాక్సిన్ షాన్‌వాక్-బిని తెచ్చింది. దేశంలోనే తయారైన తొలి రీకాంబినెంట్ వ్యాక్సిన్ అదే. 2009లో సనోఫీ ఆ కంపెనీని కొనుక్కుంది. మరుసటి ఏడాదే అదే కంపెనీ ఐదు వ్యాధుల టీకా షాన్5 సీసాల లోపలి గోడలకు తెల్లటి మడ్డి అంటుకున్నట్టు తేలడంతో డబ్ల్యూహెచ్‌వో ప్రీక్వాలిఫికేషన్ రద్దయింది. అది తిరిగి వచ్చేసరికి 2014 అయింది. జీన్ క్లోన్ చేయడం ఒక మెట్టు మాత్రమే. ఆ సీసా ప్రతి బ్యాచ్‌లో ఒకేలా ఉందని చూపగలగడమే ఇక్కడి ఉద్యోగం.

యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్లు మొదటి ఆరు నెలల్లో తడబడేది రికార్డుల దగ్గరే. టిష్యూ పేపర్ మీద, చేతి గ్లవ్ మీద అంకెలు రాసుకుని తర్వాత బుక్‌లోకి ఎక్కించడం ఇక్కడ తప్పు. పాస్‌వర్డ్ పక్కవాళ్లకు ఇవ్వడం తప్పు. ముందు ట్రయల్ ఇంజెక్షన్ వేసి, ఫలితం బాగుంటేనే అసలు పేరుతో సేవ్ చేయడం పెద్ద తప్పు. పీక్ కింద గీతను చేత్తో జరిపి అంకెను సరిచేయడం, కారణం రాయకపోతే, ఉద్యోగం పోగొట్టే తప్పు. అమెరికా నియమం 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 వచ్చింది 1997లో. దాని ప్రకారం డేటాలో చేసే ప్రతి మార్పూ ఆడిట్ ట్రెయిల్‌లో నమోదు కావాలి. ఇన్‌స్పెక్టర్ మొదట తెరిచేవాటిలో అది ఒకటి.

బయోఅనలిటికల్ పనిలో లెక్కలు కచ్చితంగా ఉంటాయి. కాలిబ్రేషన్ స్టాండర్డ్ అసలు విలువకు 15 శాతం లోపు ఉండాలి, అతి తక్కువ స్థాయి దగ్గర 20 శాతం. తిరిగి కొలిచిన సాంపిళ్లలో కనీసం మూడింట రెండు వంతుల్లో, రెండు కొలతల మధ్య తేడా వాటి సగటులో 20 శాతం లోపు ఉండాలి. ఇప్పుడు సాయంత్రం 6కి బ్యాచ్ ఫెయిలైంది, క్లయింట్‌కు రేపు పొద్దున రిపోర్ట్ పంపాలి, పైనున్నవాళ్లు "కొంచెం చూసి సరిచెయ్యి" అన్నారు అనుకుందాం. వాదన పెట్టుకోకండి. "సార్, దీన్ని డెవియేషన్‌గా నమోదు చేసి కారణం వెతుకుతాను. రీ-ఇంటిగ్రేషన్ చేయాలంటే ఎస్‌ఓపీ ప్రకారం కారణం రాసి మీ అప్రూవల్ తీసుకోవాలి, ఈమెయిల్ పెడుతున్నాను" అనండి. రాతపూర్వకంగా అనగానే చాలా ఒత్తిళ్లు అక్కడే ఆగిపోతాయి. ఆగకపోతే క్యూఏ దగ్గరికి వెళ్లండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఒక్క రిపోర్ట్ ఆలస్యమైతే ఒక మాట పడతారు. దిద్దిన డేటా బయటపడితే పరిశ్రమ మొత్తం తలుపులు మూసుకుంటాయి.

ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందు నోటీస్ పీరియడ్ ఎన్ని నెలలు, బాండ్ ఉందా, ఉంటే మొత్తం ఎంత, శిక్షణ ఖర్చుకు ఆ మొత్తానికి పొంతన ఉందా అన్నవి చూసుకోండి. మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం సాధారణంగా చెల్లదు. రహస్యాలు కాపాడాలన్న షరతు మాత్రం చెల్లుతుంది. క్లయింట్ నిర్మాణాలు, ఫైళ్లు ఇంటి లాప్‌టాప్‌లోకి తెచ్చుకోకండి. కాంట్రాక్ట్ రీసెర్చ్‌లో మీ పని పేపర్‌గా రావడం అరుదు. కాబట్టి వ్యాలిడేట్ చేసిన మెథడ్స్, ఎదుర్కొన్న ఆడిట్లు, శిక్షణ ఇచ్చిన జూనియర్లు, వీటిని రహస్యాలు బయటపడని మాటల్లో ఏడాదికోసారి రాసుకోండి. అప్రైజల్‌కు, తర్వాతి ఉద్యోగానికి మీ చేతిలో ఉండేది అదే. మకాం కూడా ఆలోచించి పెట్టుకోండి. రాత్రి రన్‌లు ఉండే ఉద్యోగంలో అల్వాల్, కొంపల్లి, తూంకుంట వైపు ఉండటానికీ, నగరానికి అటు చివర ఉండటానికీ తేడా రోజూ ఒంటికి తెలుస్తుంది. మహిళా ఉద్యోగులు రాత్రి షిఫ్టుకు ఇంటి దాకా కంపెనీ రవాణా ఉందో లేదో చేరేముందే రాతలో తీసుకోవాలి.

సొంతంగా ఏదైనా చేయాలనుకునేవాళ్లకు ప్రభుత్వ సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంట్ ఉంది. గరిష్ఠంగా 50 లక్షలు, 18 నెలల కాలం. తుర్కపల్లిలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ దానికి భాగస్వామి సంస్థ. అది ఆలోచనను నిరూపించుకోవడానికి ఇచ్చే డబ్బు, సంసారం నడపడానికి కాదు. ఇంటి ఖర్చుకు వేరే దారి చూసుకున్నాకే ఉద్యోగం వదలండి.

ఈ రంగంలో మెషీన్లు మారిపోతాయి, కంపెనీలు చేతులు మారతాయి, మీరు ఇవాళ నేర్చుకుంటున్న సాఫ్ట్‌వేర్ పదేళ్లకు ఉండకపోవచ్చు. ఏ సాంపిల్ ఎప్పుడు తీశారు, ఏ క్రమంలో నడిపారు, ఏది కచ్చితంగా తెలుసు, ఏది తెలియదు అన్నది నిజాయితీగా రాసి పెట్టుకున్న మనిషికి మాత్రం పని ఎప్పుడూ ఉంటుంది. ఈ వారమే మీ చివరి బ్యాచ్ రికార్డు తీసి, మీరు లేకుండా ఒక జూనియర్ దాన్ని మళ్లీ నడపగలరేమో చూడండి. నడపలేకపోతే ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి రికార్డు దిద్దడం మొదలుపెట్టండి.